బొమ్మ లేని రెండు నిమిషాలు

లాక్‌డౌన్‌లు ఎత్తేసిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి రెండో వారంలో, మూతపడిన ఫ్యాక్టరీల మీద తీస్తున్న ఒక డాక్యుమెంటరీకి నన్ను సౌండ్ రికార్డిస్టుగా వేశారు. ఫ్యాక్టరీ మూసేసిన కంపెనీ అక్కడితో చేతులు దులుపుకోవచ్చా అన్నది ఆ చిత్రం అడిగే ప్రశ్న. నాలుగు రోజుల పని. కామారెడ్డిలో బస, ఎల్లారెడ్డి దారిలో షూటింగు. అప్పటికి నా రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ముప్పై ఏళ్లుగా మైకు పట్టుకుని ఎక్కడెక్కడో తిరిగిన నాకు సొంత ప్రాంతంలో పని పడడం అదే మొదటిసారి.

మా యూనిట్లో ముగ్గురం. డైరెక్టర్ సుజాత, కెమెరామన్, నేను. ఎవరి స్థానం ఏమిటో తెలుసుకోవాలంటే జీపు చూస్తే చాలు. ముందు సీటు డైరెక్టరుది, కిటికీ పక్క సీటు కెమెరామన్‌ది, పెట్టెల మధ్య మిగిలిన చోటు సౌండువాడిది. బొమ్మ బాగుంటే కెమెరామన్‌ను మెచ్చుకుంటారు. మాట సరిగా వినపడితే ఎవరినీ మెచ్చుకోరు, వినపడకపోతే మాత్రం మా పేరు గుర్తొస్తుంది. నేను దాన్ని ఎప్పుడూ చిన్నతనంగా అనుకోలేదు. మా నాన్న ఎల్లారెడ్డి దగ్గర ఒక క్రైస్తవ సంఘంలో ఉపదేశి, అంటే బైబిల్ బోధించేవాడు. వాక్యం చదవడానికి నన్ను నిలబెట్టి, చివరి వరుసలో చెవులు సరిగా వినపడని అవ్వకు అందకపోతే నువ్వు చదివినట్టే కాదు అనేవాడు. తర్వాత సువార్త కూటాలకు మైకు సెట్టు కట్టే బాధ్యత నాకిచ్చారు. నా వృత్తికి బడి అదే. రిటైరయ్యే రోజు వరకు ప్రతి ఉదయం హెడ్‌ఫోన్లు పెట్టుకునే ముందు ఒకే ప్రార్థన చేశాను: ప్రభువా, విన్నది విన్నట్టు పట్టే కృప ఇయ్యి.

మేము వెళ్లింది వరిగడ్డితో అట్టలు చేసే ఫ్యాక్టరీకి. పుస్తకాల బైండింగుకు, చెప్పుల పెట్టెలకు వాడే మందపాటి అట్ట. నాగిరెడ్డిపేట వైపు నుంచి కోతలయ్యాక గడ్డి ట్రాక్టర్లలో వచ్చేదట. గడ్డిని ఉడికించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. కంపెనీ హెడ్ ఆఫీసు దూరంగా పెద్ద నగరంలో ఉండేది. అప్పటికి పన్నెండేళ్ల కిందట ఒక రోజు గేటుకు నోటీసు అంటించారు. బాయిలర్ అటెండెంట్ డ్యూటీలో నిద్రపోవడం వల్ల నీళ్లు తగ్గి గొట్టాలు కాలిపోయాయని, బాగుచేయడం వీలుకాదని, అందుకే ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ఆ నోటీసు. సుజాత హెడ్ ఆఫీసుకు ప్రశ్నలు రాసి పంపితే ఇప్పుడూ అదే జవాబు వచ్చింది.

ఆ అటెండెంట్ పేరు ఎల్లయ్య. బాయిలర్ నడపాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఎల్లయ్యకు అది ఉంది. కానీ ఆ నోటీసు తర్వాత ఏ మిల్లూ అతన్ని బాయిలర్ దగ్గరికి రానివ్వలేదు. మేము వెళ్లేనాటికి సదాశివనగర్‌లో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఆ మిల్లులోనూ బాయిలర్ ఉంది. దాని పక్క నుంచే బస్తా మోసుకుపోతాడు.

మొదటి రోజు అతన్ని రికార్డు చేశాం. సుజాత ఈ సినిమా వల్ల మీకేం కావాలని అడిగింది. అతను ఆలోచించుకోకుండానే చెప్పాడు.

"నాకేం వద్దమ్మా. నేను పండలేదని కంపెనీ దిక్కు నుంచి ఒక్కడు చెప్తె సాలు. నేను చెప్తె ఎవలు నమ్ముతరు? దొంగ నేను దొంగతనం చెయ్యలే అన్నట్టే ఉంటది."

సాక్షులు ఇద్దరు ముగ్గురుంటేనే మాట స్థిరపడుతుందని మా సంఘంలో చిన్నప్పటి నుంచి నేర్పారు. ఎల్లయ్య అడిగింది కూడా అదే. ఇక్కడ రెండో సాక్షి ఒక్కడే ఉన్నాడు, ఆ నాటి ఫ్యాక్టరీ మేనేజర్. రిటైరై కామారెడ్డిలో స్టేషన్ దగ్గర ఉంటున్నాడు. నోటీసు కింద సంతకం ఆయనదే.

రెండో రోజు ఫ్యాక్టరీ లోపల, బాయిలర్ దగ్గర పాత కార్మికులను కూర్చోబెట్టాం. కాపలా మనిషి తాళం తీసిచ్చాడు. ఏడుగురు వచ్చారు. వాళ్లకు పెద్ద దిక్కులా గోదాములో గడ్డి పరచిన రాజవ్వ. ఎల్లయ్యనూ పిలిచాం కానీ అతను గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మని నేను చెయ్యూపితే కట్టర్ మీద పనిచేసిన గంగారాం నవ్వాడు.

"ఆన్నే ఉండనియ్యన్నా. గాడు లోపటికస్తె బాయిలర్ మల్ల పండుకుంటది."

ఇద్దరు నవ్వారు. రాజవ్వ నవ్వలేదు, గంగారాంను ఆపనూ లేదు. ఫ్యాక్టరీ పోయిందంటే ఎవరిమీదో ఒకరిమీద కోపం ఉండాలి. హెడ్ ఆఫీసును వాళ్లెప్పుడూ చూడలేదు. ఎల్లయ్య రోజూ కళ్ల ముందు తిరిగేవాడు.

మాటలు పట్టడం అయ్యాక మా పనిలో తప్పనిసరిగా చేసేది ఒకటుంది. దాన్ని రూమ్ టోన్ అంటాం. ఏ చోటైనా పూర్తి నిశ్శబ్దం ఉండదు. రేకుల మీద గాలి, దూరంగా బోరు మోటారు, ఆ చోటుకు తనదైన ఒక ఊపిరి ఉంటుంది. ఎడిటింగులో రెండు మాటల మధ్య అతుకు తెలియకుండా ఉండాలంటే ఆ ఊపిరి ఒక నిమిషం విడిగా పట్టాలి. ఆ నిమిషం ఎవరూ కదలకూడదు. కెమెరా అక్కర్లేదు, రికార్డర్ ఒక్కటే నడుస్తుంది.

నేను ఎప్పటిలాగే చెప్పాను: "ఒక్క నిమిషం అందరూ మౌనంగా ఉండాలి."

ఏడుగురూ లేచి నిలబడ్డారు. తలపాగా ఉన్నవాడు తీసి చంకలో పెట్టుకున్నాడు. రాజవ్వ కొంగు సర్దుకుని తల వంచింది. ముప్పై ఏళ్లలో వేలసార్లు రూమ్ టోన్ పట్టాను, దానికి ఎవరైనా లేచి నిలబడడం అప్పుడే చూశాను. గేటు దగ్గర ఎల్లయ్య కూడా తువ్వాల తీసి నిలబడి ఉన్నాడు. నిమిషం అయ్యాక కూడా నేను రికార్డర్ ఆపలేదు. రాజవ్వే తల ఎత్తి ఒక్కొక్క పేరు చెప్పింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చనిపోయిన తొమ్మిది మంది పేర్లు.

తర్వాత తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో పనివాళ్లెవరైనా పోతే షిఫ్టు మారేటప్పుడు బాయిలర్ ముందు అందరూ నిలబడేవాళ్లు. పోయిన మనిషి పేరు, సెక్షన్ మేనేజర్ చదివేవాడు. ఒక నిమిషం మౌనం. గేటు పడ్డాక పోయినవాళ్లకు అది జరగలేదు. నేను మౌనం అనేసరికి అందుకే పిలిచారనుకున్నారు. నాకు సిగ్గేసింది. అవ్వా, నేను అడిగింది మిషిన్ కోసం, మీరు వేరే అనుకున్నారు, తప్పు నాదే అని చెప్పాను.

"తప్పేంది బిడ్డా? నీ మిషినుకు అక్కరకచ్చింది, మాకు అక్కరకచ్చింది" అంది రాజవ్వ. "గా పేర్లు గూడ పడ్డయా లేదా, గది సూడు."

పడ్డాయి. రోజు చివర సౌండ్ రిపోర్టు అని ఒక కాగితం నింపాలి, ఏ టేకులో ఏముందో రాసే పత్రం. అందులో తొమ్మిది పేర్లూ వరసగా రాసుకున్నాను.

మూడో రోజు పదకొండు గంటలకు మేనేజర్ ఇంట్లో షూటింగు. మంచి మర్యాదస్థుడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు. చొక్కాకు చిన్న మైకు తగిలించాను. ఫ్యాన్ ఆపించాను, ఫ్రిజ్ ఆపి జీపు తాళాలు అందులో పెట్టాను. ఇది మావాళ్ల పాత అలవాటు. తాళాలు లోపలుంటే ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోయి వెళ్లలేము, ఇంటివాళ్ల పాలు విరిగిపోవు. రైలు వచ్చినప్పుడల్లా ఆపుతూ, గంటన్నర రికార్డు చేశాం.

ఆయన ఒక్క మాట తొణకలేదు. బాయిలర్ చెడిపోయింది, అటెండెంట్ అజాగ్రత్త వల్ల చెడిపోయింది, కంపెనీకి వేరే దారి లేకపోయింది. నోటీసు ఆయనకు కంఠతా వచ్చు. సుజాత ఎన్ని వైపుల నుంచి అడిగినా అదే జవాబు. చివరికి ఆమె కట్ చెప్పేసింది. కెమెరామన్ బ్యాటరీ తీసి పెట్టెలో పెట్టాడు. నేను రికార్డర్ మళ్లీ వేసి నా పని గుర్తుచేశాను.

"సార్, రూమ్ టోన్ ఒకటి ఉంది. ఒక్క నిమిషం మౌనంగా ఉండాలి."

మేనేజర్ లేచి నిలబడ్డాడు. చేతులు ముందు కట్టుకుని తల వంచబోయి, ఆగి అడిగాడు.

"ఎవరికి?"

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ఎల్లయ్య కోసం అని చెబుదామా అన్న ఆలోచన నా నాలుక చివరిదాకా వచ్చింది. అతను పోయాడని ఆయన అనుకుంటే ఆ గట్టిదనం కరిగిపోయేదేమో. కానీ అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను చర్చి బల్లల మీద కూర్చుని వల్లెవేసినవాణ్ని. అబద్ధంతో రాబట్టిన నిజాన్ని నా హెడ్‌ఫోన్లలో వినలేను.

"ఎవరికీ కాదు సార్. శబ్దం కోసం. మీరు కూర్చోండి."

ఆయన చిన్నగా నవ్వాడు, కాని కూర్చోలేదు. అలవాటు అన్నాడు. నిన్న బాయిలర్ దగ్గర మీవాళ్లూ ఇలాగే లేచారని నేనన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"పేర్లు చదివారా?"

చదివారన్నాను. చెప్పమన్నాడు. సౌండ్ రిపోర్టు తీసి చదివాను. ఒక్కో పేరుకు ఆయన ఆ మనిషి సెక్షన్ చెబుతూ వచ్చాడు. గోదాము. కట్టర్. మళ్లీ గోదాము. ఒక్కటి కూడా తప్పు పోలేదు. తొమ్మిదీ అయ్యాక అడిగాడు.

"ఎల్లయ్య?"

"బతికే ఉన్నాడు సార్. సదాశివనగర్‌లో మిల్లులో బస్తాలు మోస్తున్నాడు."

"బాయిలర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి బస్తాలు మోయడమేంటి?" అని కుర్చీలో కూర్చున్నాడు. ఎవరితోనూ కాకుండా, "ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టులో..." అని మొదలుపెట్టాడు.

నేను చెయ్యి ఎత్తాను. సుజాత నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. గంటన్నర పెనుగులాడినా తెరుచుకోని తలుపు తనంతట తాను తెరుచుకుంటుంటే, ఈ ముసలాయన అడ్డం నిలబడ్డాడేమిటని.

"సార్, రికార్డర్ నడుస్తోంది. మీరు మాట్లాడేది పడుతుంది. ఆపమంటారా?"

ఆయన తల దించి తన చొక్కా మీద మైకు చూసుకున్నాడు. దాన్ని వేలితో తాకాడు. ఆ గుడ్డ రాపిడి ఇప్పటికీ ఆ రికార్డులో ఉంది. దూరంగా రైలు కూత. మామూలుగా అయితే ఆపేవాణ్ని. ఆపలేదు.

"వద్దు. నడవనివ్వండి" అన్నాడు.

కెమెరామన్ పెట్టె వైపు వంగితే సుజాతే వద్దని సైగ చేసింది. ఆయన చెప్పింది రెండు నిమిషాలకు కొంచెం తక్కువ.

ఎల్లయ్య నిద్రపోలేదు. బాయిలర్‌కు నీళ్లు తోసే పంపు బాగాలేదని మూడుసార్లు వచ్చి చెప్పాడు. మూడుసార్లూ ఆయన హెడ్ ఆఫీసుకు రాశాడు. ఫ్యాక్టరీ స్థలం అమ్మే మాట నడుస్తోంది, ఇక దానిమీద ఏమీ పెట్టవద్దని జవాబు. ఆ మధ్యాహ్నం బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీళ్లు పడిపోతుంటే, అందరినీ దూరం పొమ్మని అరిచి, పొయ్యిలోని నిప్పంతా బయటికి లాగేసింది ఎల్లయ్యే. గొట్టాలు కాలాయి కానీ బాయిలర్ పేలలేదు. షెడ్డులో నలభై మంది ఉన్నారు. అరుపు విని పరుగెత్తినవాళ్లు, అతను అప్పుడే నిద్ర లేచి అరిచాడని నోటీసు చూశాక నమ్మారు. వారం తర్వాత నోటీసు హెడ్ ఆఫీసులో తయారై వచ్చింది.

"సంతకం నాది" అన్నాడు చివర. తర్వాత మైకు తానే తీసి నా చేతికిచ్చాడు. కెమెరా ముందు ఇంకోసారి చెబుతారా అని సుజాత బతిమాలింది. చెప్పనన్నాడు. ఒకసారి చెప్పింది చాలన్నాడు.

బయటికొచ్చాక సుజాత నన్ను నిలదీసింది. "దేవదానం అన్నా, ఆయన అక్కడే ఆగిపోతే ఏం చేసేవాళ్లం? ఎల్లయ్యకు ఏం జవాబు చెప్పేవాళ్లం?" ఆగిపోతే ఆగిపోయేవాడని మాత్రం అన్నాను. మేము జీపు ఎక్కబోతుంటే తాళాలు లేవు. మళ్లీ తలుపు కొట్టి ఫ్రిజ్ తెరిపించాల్సి వచ్చింది.

నాలుగో రోజు డైరెక్టర్ అనుమతి తీసుకుని సదాశివనగర్ మిల్లుకు వెళ్లాను. మధ్యాహ్నం అన్నం వేళ. ఎల్లయ్య చేతులు కడుక్కుని, తువ్వాలతో చెవులు కూడా తుడుచుకుని, హెడ్‌ఫోన్లు పెట్టించుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీయలేదు.

"మల్లొక్కసారి వెయ్యన్నా."

వేశాను. ఈసారి కళ్లు తెరిచే విన్నాడు.

"సారు లెక్క తప్పు చెప్పిండు. నలభై గాదు, నలభై ఇద్దరం. నన్ను లెక్కవెట్టలే. తనను గూడ లెక్కవెట్టుకోలే. గా దినం సారు గాన్నే ఉండె, నా ఎన్కాల."

అంత మాట అంత మామూలుగా అన్నాడు. ఆ సవరణ కూడా రికార్డు చేయాలా అని అడిగాను. చెయ్యమన్నాడు.

సినిమా తయారయ్యాక కంపెనీకి ఒక కాపీ పంపితే, ప్రదర్శనకు ముందే వాళ్ల లాయర్ ఉత్తరం వచ్చింది. రిటైరైన ఉద్యోగి మాటలను ఆయనకు తెలియకుండా దొంగతనంగా రికార్డు చేశారని, ఆ భాగం తీసేయకపోతే కోర్టుకు వెళ్తామని. మా సంస్థ లాయర్ నన్ను పిలిపించాడు. నేను వాదించలేదు. ఆ టేకును మొదటి నుంచి వినిపించాను. రూమ్ టోన్ మొదలు. ఎవరికి అన్న ప్రశ్న. ఎవరికీ కాదు అన్న నా జవాబు. ఆపమంటారా అన్న నా ప్రశ్న, గుడ్డ రాపిడి, నడవనివ్వండి అన్న ఆయన మాట. ఒక్క కత్తిరింపు లేకుండా, టైముతో సహా. దాన్నే కంపెనీకి పంపారు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఈ అభిప్రాయంతో కంపెనీ ఏకీభవించదు అని చివర ఒక వాక్యం వేయమన్నారు, వేశాం.

సుజాత ఆ రెండు నిమిషాలకు బొమ్మ వెతకలేదు. తెర మీద నల్లదనం ఉంచి, ఆయన గొంతు మాత్రం వినిపించింది. గంటన్నర సినిమాలో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నది అక్కడే. జీపులో పెట్టెల మధ్య కూర్చుని తిరిగిన ముప్పై ఏళ్లకు నాకు దక్కిన గౌరవం అది. దాన్ని దాచుకోను. దేవుడిచ్చిన చెవులతో చేసిన పని గురించి గర్వపడడం తప్పని నేననుకోను.

ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో దాన్ని చూపించినప్పుడు పాత కార్మికులు దాదాపు అందరూ వచ్చారు. మేనేజర్ రాలేదు. దీపాలు వెలిగాక గంగారాం ఎల్లయ్య కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, మాట రాలేదు. రాజవ్వ ఊరుకుంటుందా?

"ఏందిరా, నోరు పండుకున్నదా? అన్నకు దండం వెట్టు. నువ్వు గూడ గా షెడ్లనే ఉంటివి."

పెట్టాడు. ఎల్లయ్య అతని చేతులు పట్టుకుని, "కూసో కూసో, ముందు ఛాయ్ తాగు" అన్నాడు.

ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. స్థలం ఎప్పుడో చేతులు మారింది. హెడ్ ఆఫీసు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. కానీ ఆ వానాకాలం సదాశివనగర్ మిల్లు యజమాని ఎల్లయ్యను పిలిచి సర్టిఫికెట్ ఉందా అని అడిగాడట. దాన్ని రెన్యూవల్ చేయించుకున్నాక బాయిలర్ మీద పెట్టాడు. మూడేళ్లయింది, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు.

రికార్డర్ నడుస్తోందని చెబితే మనిషి మూసుకుపోతాడని మా వృత్తిలో చాలామంది అనుకుంటారు. కొందరు నిజంగానే మూసుకుపోతారు. అలా పోగొట్టుకున్న మాటలు నాకూ ఉన్నాయి. కానీ అడిగి పట్టిన మాటను లాయర్లు కదిలించలేకపోయారు. అడగకుండా పట్టి ఉంటే ఆ రెండు నిమిషాలు సినిమాలో ఉండేవి కావు, ఎల్లయ్య ఇంకా బస్తాలు మోస్తూ ఉండేవాడు. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న నలుగురికీ మైకు పట్టుకోవడం కంటే ముందు, ఆపమంటారా అన్న ఆ ప్రశ్న అడగడం నేర్పాను.